నానా అస్మావు రచనలలో కవిత్వం ఎక్కడ ఉంది?

కావ్యపిపాసి
మా పఠన బృందం వచ్చే నెల ఆఫ్రికా రచయిత్రుల గురించి మాట్లాడుకోవాలని నిర్ణయించింది. సభ్యులలో ఎక్కువమంది 1960ల తరువాతి నవలలు చాలునన్నారు. నేను మాత్రం 19వ శతాబ్దంలో నేటి ఉత్తర నైజీరియా ప్రాంతంలో జీవించి, ఫుల్ఫుల్దే, హౌసా, అరబ్బీ భాషలు మూడింటిలోనూ రాసిన నానా అస్మావుతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టాను. జీన్ బాయిడ్, బెవర్లీ మాక్ కలిసి 1997లో ప్రచురించిన ఆంగ్లానువాదాల సంపుటం గ్రంథాలయంలో దొరికింది. అయితే చదువుతున్న కొద్దీ నిరుత్సాహమే మిగులుతున్నది.

ఒక పద్యం నిండా ఖురాన్ అధ్యాయాల పేర్లు వరుసగా వస్తాయి. ఇంకొకదానిలో సూఫీ భక్తురాళ్ల పేర్లు, మరొకదానిలో యుద్ధాలు జరిగిన ఊళ్లు, ఓడిపోయిన రాజులు. చాలా పుటలు తిప్పినా మనసును పట్టి నిలిపే వర్ణన ఒక్కటీ కనబడలేదు. ఆమె గొప్ప పండితురాలని, ఎందరో స్త్రీలకు చదువు అందేలా చూసిన సంస్కర్త అని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ కవయిత్రి అని ఏ ఆధారంతో అంటున్నారు? ఆమె స్త్రీ కావడం, ఆ కాలంలో రాయడం, ఈ రెండే కారణాలైతే అది ఆమెకు జరిగే గౌరవం కాదని నా అభిప్రాయం. చదివినవారు నిర్మొహమాటంగా చెప్పగలరు.

తంగేడుపూలు
ఈమె పేరు నేను మొదటిసారి వింటున్నాను. ఎవరి బిడ్డ, ఏ కాలం, ఏ ఊరు అన్నది ముందు ఎవరైనా చెబితే మిగిలిన చర్చ నాలాంటి వారికి కూడా అర్థమవుతుంది.

ఓరుగల్లు_అధ్యాపకుడు
తంగేడుపూలు గారు అడిగినది న్యాయమే. నానా అస్మావు 1793లో డెగెల్ అనే ఊరిలో, కవల పిల్లలలో ఒకరిగా పుట్టింది. తండ్రి ఉస్మాన్ డాన్ ఫోదియో, ప్రజలు షేహు అని పిలుచుకున్న మత పండితుడు, ఖాదిరియ్యా మార్గానికి చెందిన సూఫీ. ఆ ప్రాంతాన్ని ఏలుతున్న గోబిర్ రాజులకూ ఆయనకూ పొసగక, 1804లో ఆయన అనుచరులతో సహా డెగెల్ విడిచి గుడూకు వలసపోయాడు. అస్మావుకు అప్పటికి పదేళ్లో పదకొండేళ్లో. ఆ వెంటనే యుద్ధం మొదలై, 1808లో గోబిర్ రాజధాని అల్కలావా పడిపోవడంతో సొకోటో రాజ్యం స్థిరపడింది. 1817లో తండ్రి మరణించాక అన్న ముహమ్మద్ బెల్లో రాజ్యానికి వచ్చి 1837 వరకు పాలించాడు. అస్మావు భర్త గిడాడో ఆయన వజీరు. ఆమె 1864లో కన్నుమూసింది. అరవైకి పైగా రచనలు నేటికీ మిగిలి ఉన్నాయి.

పాఠ్యప్రణాళికల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేను డిగ్రీ విద్యార్థులకు ఆంగ్ల సాహిత్యం చెబుతాను. ఆఫ్రికా రచయిత్రులు అనగానే 1966లో వచ్చిన ఫ్లోరా న్వాపా నవల దగ్గర పాఠం మొదలవుతుంది. ఇంగ్లీషులో రాసినవారి వరకు అది సరైన ప్రారంభమే. అయితే ఆఫ్రికా స్త్రీలు అంతకు ముందు రాయనే లేదన్న అభిప్రాయం పిల్లలలో మిగిలిపోతున్నది. ఆ నవలకు 102 ఏళ్ల ముందే మరణించిన మనిషి గురించి మనం మాట్లాడుతున్నాము. కావ్యపిపాసి గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేకపోయినా, ఆ పేరు ప్రతిపాదించినందుకు సంతోషంగా ఉంది.

పాలపిట్ట
కావ్యపిపాసి గారు జాబితా అని దేనిని అంటున్నారో దాని గురించి ఒక మాట. నేను చాలాకాలం వయోజన విద్యా కేంద్రాలలో స్త్రీలకు చదువు చెప్పాను. పలక పట్టని మనిషికి విషయం నిలవాలంటే అది నోటికి రావాలి, నోటికి రావాలంటే దానికి నడక ఉండాలి. మన వీధిబడులలో పుస్తకం చేతిలో లేకుండానే పిల్లలకు శతక పద్యాలు ఎలా వచ్చేవో ఆలోచించండి.

ఖురాన్ అధ్యాయాల పేర్లున్న పద్యాన్ని అస్మావు మూడు భాషలలోనూ చెప్పింది. ఇస్లాం గురించి ఏమీ తెలియని గ్రామీణ స్త్రీ ఆ పద్యం కంఠస్థం చేసిందంటే, 114 అధ్యాయాల పేర్లు ఆమె నాలుక మీద ఉన్నట్లే. ఆ తరువాత గురువు వాటిలో ఒక్కొక్క పేరు పట్టుకుని పాఠం విప్పుతుంది. పద్యం ఒక్కటే పాఠం కాదు, గురువు చెప్పబోయే పాఠానికి అది తాళంచెవి. దానిని ఒంటరిగా కుర్చీలో కూర్చుని, పుటలో చదివితే సగమే చదివినట్లు.

కావ్యపిపాసి
పాలపిట్ట గారూ, మీరు చెప్పినది బోధనకు సంబంధించిన ప్రశంస. బాగా పనిచేసే పాఠం కవిత్వం అవుతుందా అన్నదే నా ప్రశ్న. ఎక్కాలు కూడా నోటికి వస్తాయి.

దూరతీరం
1980ల మొదట్లో నేను సొకోటో రాష్ట్రంలో ఒక బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పాను. అప్పట్లో భారతదేశం నుంచి ఎందరో ఉపాధ్యాయులు నైజీరియాకు వెళ్లారు, మన తెలుగువాళ్లు కూడా చాలామంది ఉండేవారు. అక్కడ నేను చూసినది ఈ చర్చకు పనికివస్తుందనిపించి రాస్తున్నాను.

హర్మట్టాన్ గాలి వీచే కాలం. సహారా మీదుగా వచ్చే ఆ పొడిగాలికి ఆకాశమంతా దుమ్ముతో తెల్లబడి, పెదవులు పగిలిపోతాయి. ఒక ఉదయం మోటార్ పార్క్ దగ్గర ఒక లారీ నుంచి పదిహేను ఇరవై మంది స్త్రీలు దిగారు. ఎక్కువమంది ముసలివాళ్లు, నలుగురైదుగురు చిన్న పిల్లలు. ముందు నడుస్తున్న పెద్దావిడ తలమీద సన్నని గడ్డితో అల్లిన పెద్ద టోపీ, దానికి చుట్టిన ఎర్రని గుడ్డ. ఆమె ఒక చరణం అందుకుంటే వెనుక ఉన్నవాళ్లు దాని చివరి అక్షరాలను సాగదీస్తూ పూర్తి చేస్తున్నారు. దుమ్ముకు గొంతులు బొంగురుపోయాయి గాని ఎవరూ ఆగలేదు. మరునాడు తరగతిలో పిల్లలను అడిగితే, వాళ్లు యన్ తారూ బృందమని, ఆ టోపీ పెట్టుకున్న ఆవిడ జాజి అని, పాడినవి నానా పద్యాలని చెప్పారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి తన నాయనమ్మ దగ్గర నేర్చుకున్నానంటూ లేచి నిలబడి, కళ్లు మూసుకుని, ఒక పద్యం మొదటి నుంచి చివరి దాకా తడుముకోకుండా పాడింది. నాకు హౌసా అంతంత మాత్రమే వచ్చు. అయినా ప్రతి పాదం ఒకే ధ్వనితో ముగియడం, ఆ ధ్వని కోసం చెవి ఎదురుచూడటం నాకు స్పష్టంగా తెలిసింది. ఎక్కాలు అప్పజెప్పినప్పుడు ఆ తరగతి గది అలా ఉండేది కాదని లెక్కల ఉపాధ్యాయుడిగా చెప్పగలను.

తంగేడుపూలు
దూరతీరం గారూ, యన్ తారూ అంటే ఏమిటి? ఆ టోపీకి ప్రత్యేకమైన అర్థమేమైనా ఉందా?

దూరతీరం
యన్ తారూ అంటే కలిసి చేరే స్త్రీల సంఘం. అస్మావు దానిని నిర్మించిన పద్ధతి గమనించదగినది. పడుచు ఇల్లాళ్లు పిల్లలనూ ఇంటినీ వదిలి ప్రయాణాలు చేయలేరు కనుక, పిల్లలు కనే వయసు దాటిన స్త్రీలనూ ఇంకా పెళ్లికాని ఆడపిల్లలనూ ఊళ్ల నుంచి సొకోటోకు రప్పించేవారు. ప్రతి బృందానికి జాజి అనే నాయకురాలు. ఆమె అస్మావు దగ్గర పద్యాలూ వాటి వివరణలూ నేర్చుకుని, ఊరికి తిరిగి వెళ్లి, ఇల్లు కదలలేని స్త్రీలకు వాళ్ల ఇళ్లలోనే నేర్పేది.

టోపీ పేరు మల్ఫా. జాజిని నియమించినప్పుడు అస్మావు ఆ టోపీనీ ఎర్రని గుడ్డనూ ఇచ్చేది. అంతకుముందు గోబిర్‌లో బోరీ అనే ఆత్మారాధన ఉండేది. దానికి పెద్దగా ఉన్న స్త్రీని ఇన్నా అనేవారు. ఆమె కూడా ఆ టోపీనే ధరించేది. పల్లె స్త్రీలు దేనిని చూసి గౌరవంతో తలవంచేవారో, ఆ గుర్తునే అస్మావు తన ఉపాధ్యాయినులకు ఇచ్చిందన్నమాట.

నల్లరేగడి
దూరతీరం గారు మెచ్చుకోలుగా చెప్పిన ఆ టోపీ కథలోనే నాకు ఇబ్బంది కలిగించే విషయం ఉంది. గోబిర్‌ను ఓడించినది అస్మావు తండ్రీ, బాబాయీ, అన్నా. ఓడిపోయిన సమాజంలో స్త్రీలకు నాయకత్వం ఇచ్చిన ఒక ఆరాధనను తొలగించి, దాని చిహ్నాన్ని గెలిచినవారి మతబోధకు వాడుకున్నారు. యుద్ధాలలో పట్టుబడిన స్త్రీలు గెలిచినవారి ఇళ్లలో దాసీలుగా, ఉంపుడుగత్తెలుగా చేరారు. సొకోటో రాజ్యం 19వ శతాబ్దంలో ప్రపంచంలోని పెద్ద బానిస సమాజాలలో ఒకటి. అస్మావు యుద్ధకావ్యాలలో చెరపట్టిన వారి ప్రస్తావన విజయంలో భాగంగా వస్తుందే తప్ప, విచారంగా రాదు. ఆమె తన తల్లిభాష ఫుల్ఫుల్దే వదిలి హౌసాలో ఎందుకు రాసింది? ఓడిపోయిన ప్రజల భాష అది కనుక, వాళ్లను ఈ కొత్త వ్యవస్థలో ఇమడ్చాలి కనుక.

ఆమెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇటీవల కొన్ని వ్యాసాలలో ఆమెను నేటి స్త్రీవాదానికి మూలపురుషురాలిగా నిలబెడుతూ ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటవేయడం చూశాను. అది చరిత్రకూ న్యాయం కాదు, చెరలో చిక్కిన ఆ స్త్రీలకూ న్యాయం కాదు.

మూసీతీరం
నల్లరేగడి గారితో ఏకీభవిస్తున్నాను. రాజు కూతురు, రాజు చెల్లెలు, వజీరు భార్య. ఆమె పద్యాలు భద్రంగా మిగలడానికి కూడా అదే కారణం కదా.

పాలపిట్ట
నల్లరేగడి గారు చెప్పిన వాస్తవాలలో కాదనవలసినది ఏదీ లేదు. కానీ ఆ వాస్తవాల పక్కన ఇంకొన్నిటిని పెట్టాలి. పట్టుబడి వచ్చిన స్త్రీలకు చదువు చెప్పాలన్న నియమం ఏ గెలిచిన రాజ్యానికీ లేదు. పని చేయించుకుని ఊరుకుంటే అడిగేవారు లేరు. అస్మావు వాళ్లకు తన వర్గంలోని ఆడపిల్లలకు చెప్పిన పాఠమే, వాళ్ల భాషలో చెప్పింది. తరువాతి తరంలో ఆ స్త్రీల కూతుళ్లే జాజీల దగ్గర చదువుకున్నారు. ఇది విమోచన కాదు, నేను ఆ మాట వాడను. అయినా ఒక యుద్ధం తరువాత చెల్లాచెదురైన ఊళ్లలో ఆడవాళ్లు ప్రయాణం చేసి ఒక గురువు దగ్గర చేరగలిగిన ఏర్పాటు చిన్నది కాదు.

షేహు స్వయంగా ఈ విషయంలో తన కాలపు పండితులను తీవ్రంగా మందలించాడు. భార్యలకూ కూతుళ్లకూ చదువు చెప్పకుండా, వాళ్లను పాతబడితే పెంటకుప్ప మీద పారవేసే పాత్రల వలె చూస్తున్నారని రాశాడు. ఇంట్లో అది మాటల వరకే ఆగలేదు. అస్మావు అక్క ఖదీజా కూడా పండితురాలే, మాలికీ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన ఖలీల్ గ్రంథాన్ని ఫుల్ఫుల్దేలోకి తెచ్చింది. అస్మావు ఒక్కతే పుట్టుకొచ్చిన వింత కాదు, చదువుకున్న ఆడవాళ్ల ఇంటిలో పెరిగిన పిల్ల.

నల్లరేగడి
పాలపిట్ట గారూ, పాఠం అందరికీ ఒక్కటే కావచ్చు. ఆ పాఠం విన్న తరువాత ఒకరు యజమానురాలిగా లేచి వెళ్లారు, ఇంకొకరు దాసిగా లేచి వెళ్లారు. ఈ తేడాను చివరి వరకూ గుర్తుంచుకుని చదవాలన్నదే నా పట్టు.

ఓరుగల్లు_అధ్యాపకుడు
గుర్తుంచుకోవలసిందే. దానికి తోడు ఆమె అధికారాన్ని కీర్తించడమే కాక హెచ్చరించిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1831 నాటి ఒక దీర్ఘ పద్యంలో తండ్రి చెప్పిన ద్విపాదాలకు ఆమె తన పాదాలను జోడించింది. పదవిలో ఉండి ప్రజలను పీడించినవారికి నరకం తప్పదన్న మాట అందులో ఎంతో కఠినంగా వస్తుంది. ఆ పద్యం విన్న అధికారులలో ఆమె బంధువులే ఎక్కువమంది ఉంటారు. 1856 నాటి మరొక పద్యంలో, స్త్రీలు అకారణంగా ఇల్లు దాటవద్దంటూనే, ఆహారం కోసమూ చదువు కోసమూ బయటికి వెళ్లవచ్చునని చెప్పింది. కడుపునింపుకోవడానికీ చదువుకోవడానికీ ఒకే స్థాయి ఇవ్వడం నన్ను ఆకట్టుకుంది.

యతిప్రాస
చర్చ చరిత్ర వైపు మళ్లింది, అది అవసరమే. అయితే కావ్యపిపాసి గారు అడిగినది పద్యం గురించి కనుక ఆ పని నేను చేస్తాను.

ఆంగ్లానువాదంలో పోయినది ఏమిటో ముందు చూడాలి. అరబ్బీ ఛందస్సుల నడకలో, ప్రతి పాదాంతంలో ఒకే ధ్వని తిరిగి తిరిగి వచ్చేలా, పదుల కొద్దీ పాదాలు నడిపించడం సామాన్యమైన పని కాదు. దూరతీరం గారి విద్యార్థిని పాటలో చెవి ఎదురుచూసినది ఆ ధ్వని కోసమే. వచనంగా మారిన అనువాదంలో అది పూర్తిగా పోతుంది. మిగిలేది పేర్ల జాబితానే.

రెండవది తఖ్మీస్ అనే ప్రక్రియ. మరొక కవి చెప్పిన రెండు పాదాలను తీసుకుని, వాటికి ముందు తన మూడు పాదాలను చేర్చి, ఐదు పాదాల పద్యంగా మలచాలి. చేర్చిన పాదాలు పాత పాదాలతో ప్రాస కలపాలి, భావంలోనూ సహజంగా వాటిలోకి ప్రవహించాలి. అతుకు కనబడిందంటే ఓడిపోయినట్లే. అస్మావు తండ్రి పద్యాలకు ఇలా చేసింది. ఆమె పద్యాలకు తమ్ముడు ఈసా చేశాడు. తండ్రి గతించిన తరువాత ఆయన మాటకు ముందు నిలబడి, తన మూడు పాదాలతో ఆ మాటకు దారి వేయడం ఆ కుటుంబంలో ఒక సంభాషణ.

మూడవది మకుటాక్షర రచన. 1822లో బెల్లో యుద్ధానికి సిద్ధమవుతూ ఆందోళనలో ఉన్నప్పుడు చెల్లెలికి ఒక పద్యం పంపాడు. ఆమె జవాబుగా పంపిన పద్యంలో పాదాల మొదటి అక్షరాలను వరుసగా చదివితే, కష్టంతో పాటే సౌలభ్యం కూడా ఉన్నదన్న ఖురాన్ వాక్యం వస్తుంది. పైకి చదివితే ధైర్యం చెప్పే మాటలు, అంచు వెంట చదివితే దైవవాక్యం. అనువాదంలో ఆ అంచు కనబడదు. ఇంత కట్టుదిట్టంగా అల్లిన మనిషిని కవయిత్రి అనడానికి నాకు సంకోచం లేదు.

కావ్యపిపాసి
యతిప్రాస గారూ, ఇది నేను వెతుకుతున్న తరహా సమాధానం. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. మీరు చెప్పినదంతా నైపుణ్యం. మన అవధానులలోనూ నైపుణ్యం ఉంటుంది, అంత మాత్రాన చెప్పిన ప్రతి పద్యమూ హృదయాన్ని తాకదు. ఆమె హృదయం మాట్లాడిన చోటు ఏదైనా ఉన్నదా?

ఓరుగల్లు_అధ్యాపకుడు
స్మృతిపద్యాలు చదవండి. ఆమె రచనలలో వాటి భాగం గణనీయమైనది. అన్న బెల్లో మరణించినప్పుడు రాసినది ఆయన గుణగణాల వర్ణన, బాధ్యతగా రాసినట్లు ఉంటుంది. అసలు విషయం సాధారణ స్త్రీల మీద రాసినవాటిలో ఉంది. హలీమా ఆమె పొరుగింటి స్త్రీ. రాణి కాదు, పండితురాలూ కాదు. ఇరుగుపొరుగు తగవులాడుకుంటే మధ్యవర్తిగా నిలిచి సర్దిచెప్పేదని, తన పిల్లలతో పాటు పరాయి పిల్లలను కూడా పెంచిందని, ఓర్పు గల మనిషి అని అస్మావు పద్యం చెప్పింది. ఒక రాజ్యాన్ని స్థాపించిన వంశపు స్త్రీ, పక్కింటి ఆడమనిషి తగవులు తీర్చినందుకు పద్యం కట్టి నిలిపింది. ఆ కాలపు రాజకుటుంబాలలో ఎందరు ఆ పని చేశారో ఆలోచించండి.

దూరతీరం
హలీమా పద్యంతో పాటు హవావు మీద చెప్పిన పద్యం తప్పక చదవండి. హవావు తొలి జాజీలలో ఒకరు. ఎండాకాలంలోనూ, వానలలోనూ, పంట కోతల వేళలోనూ, హర్మట్టాన్ వీచే రోజుల్లోనూ, తొలకరిలోనూ ఆమె దారి మీదే ఉండేదని, స్త్రీలను తన దగ్గరికి తీసుకువస్తూనే ఉండేదని అస్మావు గుర్తు చేసుకుంటుంది. ఇది కూడా జాబితానే, ఋతువుల జాబితా. అయితే ఆ నేల మీద ఆ ఋతువులలో నడిచినవాళ్లకు దాని బరువు తెలుస్తుంది. మార్చి నెలలో సొకోటో ఎండను నేను చూశాను. మధ్యాహ్నం ఇసుక మీద చెప్పులు లేని కాలు మోపలేము. వానలు మొదలైతే దారులు వాగులవుతాయి. కోతల వేళ ఇంటి నుంచి ఒక మనిషి కదిలితే ఆ ఇంటికి ఎంత నష్టమో రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఆ స్త్రీ వీటిలో దేనినీ సాకుగా చూపలేదని చెప్పడానికి అస్మావుకు ఉపమానం అవసరం కాలేదు.

పాలపిట్ట
ఆయిషా మీద రాసిన రెండు విలాప పద్యాలను ఎవరూ ప్రస్తావించలేదు. ఆయిషా బెల్లో భార్య, అస్మావుకు చిన్ననాటి నుంచి ప్రాణ స్నేహితురాలు. 1855లో ఆమె మరణించినప్పుడు అస్మావుకు అరవై దాటాయి. తన రహస్యాలు పంచుకునే మనిషి పోయిందని, ఆ చోటును ఇంకెవరూ నింపలేరని, కన్నీరే తోడుగా మిగిలిందని ఆమె అరబ్బీలో రాసుకుంది. అరబ్బీ విలాప పద్యాలకు పాత సంప్రదాయం ఉంది, ఏడుస్తున్న కన్నులను సంబోధించడం అందులో కొత్త కాదు. అయినా ఆ వయసులో స్నేహితురాలిని పోగొట్టుకున్న ఏ స్త్రీ అయినా వాటిలో తన మాట తాను విన్నట్లు భావిస్తుంది. నాతో పాటు ముప్పై ఏళ్లు ఒకే కేంద్రంలో పనిచేసిన సహోద్యోగిని రెండేళ్ల క్రితం పోయింది. సంతాప సభలో అందరూ ఆమె సేవల గురించి మాట్లాడారు. నాకు మాత్రం మధ్యాహ్నం డబ్బా విప్పేటప్పుడు ఎదురుగా ఆమె లేకపోవడమే పెద్ద విషయం. ఆయిషా పద్యాలలో నాకు ఆ మాట దొరికింది.

మూసీతీరం
ఇవన్నీ మనదాకా ఎలా వచ్చాయో కూడా చెబితే బాగుంటుంది. 1903లో బ్రిటిష్ వాళ్లు సొకోటోను ఆక్రమించుకున్నారు కదా. తాళపత్రాల వంటివి అక్కడ లేవా?

ఓరుగల్లు_అధ్యాపకుడు
కాగితం మీద, అరబ్బీ లిపిలో రాసేవారు. హౌసా, ఫుల్ఫుల్దే భాషలను కూడా ఆ లిపిలోనే రాయడం అక్కడి ఆచారం, దానిని అజామీ అంటారు. పుస్తకంగా కుట్టకుండా విడి పత్రాలుగా ఉంచి, తోలు సంచులలో భద్రపరిచేవారు. గిడాడో వంశంలో వజీరు పదవి కొనసాగినందువల్ల ఆ పత్రాలు ఆ ఇంటిలోనే నిలిచాయి. 20వ శతాబ్దంలో ఆ వంశానికి చెందిన వజీరు జునైదు స్వయంగా చరిత్రకారుడు. సొకోటో ప్రాంతంలో విద్యారంగంలో పనిచేసిన జీన్ బాయిడ్‌కు ఆయనే ఆ పత్రాలు చూపించి, చదవడంలో సహాయం చేశాడు. ఆమె 1989లో అస్మావు జీవితచరిత్ర ప్రచురించిన తరువాతే బయటి ప్రపంచం ఈ పేరు విస్తృతంగా విన్నది. సొకోటో స్త్రీలకు మాత్రం ఎవరూ పరిచయం చేయనవసరం లేకపోయింది.

నల్లరేగడి
మూసీతీరం గారు ఇంతకు ముందు అన్నది ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. వజీరు ఇంటి పత్రాలు నిలిచాయి. చెరలో వచ్చిన స్త్రీలు పాడుకున్న పాటలకు తోలు సంచి దొరకలేదు.

దూరతీరం
నిజమే నల్లరేగడి గారూ. దానికి సమాధానం నా దగ్గర లేదు. అయితే అస్మావు పద్యాలు కూడా తోలు సంచి వల్ల మాత్రమే నిలవలేదు. ఆమె తరువాత చెల్లెలు మరియం ఆ బృందాల బాధ్యత తీసుకుంది. పరాయి పాలన వచ్చినా, బడులు ఇంగ్లీషులోకి మారినా, యన్ తారూ ఆగలేదు. నేను చూసిన ఆ లారీ స్త్రీలలో ఎవరి చేతిలోనూ కాగితం లేదు. ఇప్పుడు అమెరికాలో కొందరు నల్లజాతి ముస్లిం స్త్రీలు అదే పేరుతో అధ్యయన బృందాలు నడుపుతున్నారని బెవర్లీ మాక్ రాసింది కూడా.

కావ్యపిపాసి
నా ప్రశ్నకు ఇన్ని వైపుల నుంచి సమాధానాలు రావడం సంతోషం. ఖురాన్ అధ్యాయాల పద్యాన్ని పుటలో చదివి ఆనందించలేనన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. హవావు పద్యం మాత్రం నిన్న రాత్రి చదివాను. ఋతువులు ఒకదాని తరువాత ఒకటి వచ్చే చోట ఆగిపోయి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. మా బృందానికి హలీమా, హవావు, ఆయిషా పద్యాలు ఇస్తాను. యతిప్రాస గారు చెప్పిన 1822 నాటి పద్యం అనువాదంతో పాటు, మూలంలో పాదాల మొదటి అక్షరాలు ఎలా నిలిచాయో ఒక కాగితం మీద వేసి చూపించాలని ఉంది. అరబ్బీ లిపి చదవగలిగినవారు ఎవరైనా సహాయం చేస్తారా?

నల్లరేగడి
ఆ మూడింటితో పాటు 1836 నాటి గవకూకె యుద్ధం మీద ఆమె రాసిన విజయకావ్యం కూడా ఇవ్వండి. బెల్లో గెలుపును ఆమె ఎలా కీర్తించిందో చదవకుండా స్మృతిపద్యాలు మాత్రమే చదివితే మీ సభ్యులు సగం మనిషినే చూస్తారు. అభ్యంతరం లేకపోతే ఆ భాగం మీద ఒక చిన్న పరిచయం నేను రాసి పంపుతాను.

కావ్యపిపాసి
తప్పకుండా పంపండి. నాలుగు పుటలు దాటకుంటే అందరూ చదువుతారు.

తంగేడుపూలు
అరబ్బీ లిపి మా ఇంట్లో చదువుతారు. మా అత్తగారు చిన్నప్పటి నుంచి ఖురాన్ చదివినవారు. ఆ పుట ఫోటో ఇక్కడ పెడితే పాదాల మొదటి అక్షరాలు గుర్తించి రాసి ఇస్తామన్నారు. ఆవిడకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. టోపీ సంగతి దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు.

మూసీతీరం
హలీమా పద్యం తెలుగులో ఉంటే మా అమ్మకు వినిపించాలని ఉంది. ఇంగ్లీషు నుంచి చేసినా సరే.

యతిప్రాస
ఇంగ్లీషు నుంచి చేస్తే మూలంలోని ప్రాస రాదు. అందుకని ఆ అంత్యధ్వనిని అనుకరించే ప్రయత్నం చేయను. పాడుకోవడానికి వీలుగా ద్విపదలో చేస్తాను, పొరుగింటి తగవులు తీర్చే మనిషికి ఆ నడక సరిపోతుంది. వచ్చే వారం ఇక్కడే పెడతాను. ఓరుగల్లు అధ్యాపకుడు గారు మూలార్థంతో సరిచూసి, నేను ఎక్కడైనా లేని ఉపమానం చేరిస్తే తీసివేయమని చెప్పాలి.